మోగని గాజు

లాయరు సముద్రపు ఒడ్డుకు వచ్చి కూడా బూట్లు విప్పలేదు. తడి ఇసుక అంటకుండా సిమెంటు మెట్ల చివర నిలబడి చెయ్యి చాచి చూపించాడు.

“అదిగో, అక్కడ కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది మా అమ్మ. రోజూ అక్కడే. నిన్న సాయంత్రం ఇంటికొచ్చాక చూస్తే కుడిచేతి గాజు లేదు. ఇసకలో జారిపోయి ఉంటుందంటోంది ఈవిడ.”

“ఈవిడ” అన్నప్పుడు ఆయన వేలు ఇసుక మీంచి ఆయా మీదికి తిరిగింది. ఆయా పెద్దావిడ కుర్చీ వెనక నిలబడి ఉంది. భుజానికి గుడ్డసంచి. పెద్దావిడ ఒళ్ళోని దుప్పటి జారితే వంగి సర్దింది. ఎవరి వంకా చూడలేదు.

“ఎలాంటి గాజండీ?” అని అడిగాడు చెవులాయన, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుంటూ. ఆ హెడ్‌ఫోన్ల వల్లే ఒడ్డున అందరూ ఆయన్ని అలా పిలుస్తారు. అసలు పేరు అడిగితే టీ బండివాడు కూడా తడుముకుంటాడు.

“ఎలాంటిదేమిటి? బంగారం. మా అమ్మమ్మ చేయించిన జత. ఇప్పటి డొల్ల సరుకు కాదు, గట్టి గాజులు.”

చెవులాయన పెద్దావిడ ముందు మోకాలి మీద కూర్చున్నాడు. “అమ్మా, ఆ చెయ్యి ఒకసారి చూపిస్తారా? గాజు ఎంత వదులుగా ఉండేదో చూద్దామని.”

ఆవిడ కుడిచెయ్యి సగం చాపి ఆగిపోయింది. ఎడమచెయ్యి దుప్పటి కిందే ఉంచుకుంది. ఎముకకి చర్మం అంటుకున్నట్టుంది మణికట్టు. దాని చుట్టూ లేత ఆకుపచ్చ చార. ముసలి ఒంట్లో నరాలు అలాగే పైకి కనిపిస్తాయి కదా అనుకున్నాడు. “చాలా వదులై ఉంటుందండీ,” అన్నాడు లేస్తూ.

“అవును. పక్కనున్నవాళ్ళు తీసినా తెలియనంత వదులు,” అన్నాడు లాయరు మెట్ల మీంచి.

చెవులాయన పార మొనతో ఇసుక మీద గళ్ళు గీసుకున్నాడు. హెడ్‌ఫోన్లు చెవులకి ఎక్కించి, ఇసుక అడుగున లోహం ఉంటే మోగే మిషన్ చివర ఉన్న పళ్ళెం లాంటి చక్రాన్ని నేలకి తగలకుండా, నేలని వదలకుండా ఊపుతూ ఒక్కో గడిలో నడిచాడు. ఊపిన చోటు మీదే సగం మళ్ళీ ఊపాడు. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు పడ్డ చోటే మళ్ళీ పడుతుందే, అలా. చెవుల్లో ఏ చప్పుడూ లేదు.

ఒకప్పుడు ఇంత నిశ్శబ్దం ఉండేది కాదు. సెలవురోజు మర్నాడు వస్తే ఉంగరమో, చెవిదుద్దో పలికేది. ఇప్పుడు జనం బంగారాన్ని బ్యాంకు లాకర్లో పెట్టి, గిల్టు పెట్టుకుని సముద్రానికి వస్తున్నారు. అది పోయినా ఎవరూ వెతుక్కోరు. చిల్లర రాలడం కూడా మానేసింది, అందరూ ఫోన్లతోనే ఇచ్చేస్తున్నారు. మిషన్ మోగిందని నడుం వంచి తవ్వితే రాగి పోగు, ఇత్తడి గొలుసు, పూత లేచిపోయిన గాజు. నడుం పట్టేసి మంచమెక్కాక, ఒకరోజు విసిగిపోయి, రాగికీ ఇత్తడికీ వచ్చే మోతని వినబడకుండా మిషన్‌లో నొక్కేశాడు. ఇనుము మోత ఎప్పుడో నొక్కేశాడు. అప్పటినుంచి బంగారం లాంటిదేదైనా తగిలితేనే చెవిలో పలుకుతుంది. మిగిలిందంతా అసలు లేనట్టే.

రెండుచోట్ల పలికింది. మొదటిసారి లాయరు ఒక మెట్టు దిగాడు. చిల్లుల పారలో ఇసుక జారిపోయి చాక్లెట్ రేకు మిగిలింది. రెండోసారీ రేకే. లాయరు మెట్టెక్కేశాడు.

చివరి గడి కూడా అయ్యాక చెవులాయన హెడ్‌ఫోన్లు తీశాడు. “ఇక్కడ లేదండీ.”

“ఖచ్చితంగా?”

టీ బండి దగ్గర జనం గ్లాసులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. చెవులాయన పారని భుజం మీదికి మార్చుకున్నాడు. “ఉంటే నా మిషన్ అరిచి ఉండేదండీ. గట్టి గాజంటున్నారు, మూరెడు లోతునున్నా పలుకుతుంది. ఈ ఇసకలో లేదు.”

“విన్నావా?” అన్నాడు లాయరు ఆయాతో. “ఇసకలో లేదట. మరి గాజుకి కాళ్ళొచ్చాయా?”

“నాకేం తెలుసు అబ్బాయిగారూ. ఇంటికెళ్ళాకే కదా చూసుకున్నాం.”

“ఆ సంచి ఇటివ్వు.”

ఆమె ఇచ్చింది. లాయరు దాన్ని తలకిందులు చేసి దులిపాడు. దువ్వెన, మందుల డబ్బా, పెద్దావిడకి మార్చే బట్టలు, తను తినడానికి తెచ్చుకున్న రొట్టె, చిన్న పౌడరు డబ్బా. డబ్బా మూత ఊడి మెట్టు మీదా ఇసుక మీదా తెల్లగా ఒలికింది.

“పౌడర్లు కూడానా! సోకులకేం తక్కువ లేదు,” అన్నాడు లాయరు. “చూడు. రేపట్నించి నువ్వు రానక్కర్లేదు. వయసులో పెద్దదానివని పోలీసుల దాకా వెళ్ళకుండా ఆగుతున్నాను. ఎల్లుండి లోపల గాజు మా ఇంట్లో ఉండాలి. లేకపోతే ఈ ఊళ్ళో నిన్ను ఏ ఇంటి గడపా తొక్కనివ్వను.”

పెద్దావిడ తల ఎత్తింది. “బాబూ...”

“నువ్వూరుకోమ్మా. నీ మంచితనమే ఇంతదాకా తెచ్చింది.”

పెద్దావిడ దుప్పటి అంచుని ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది.

ఆయా మోకాళ్ళ మీద కూలబడి ఒక్కొక్కటీ ఏరుకుంది. దువ్వెన చెవులాయన కాలి దగ్గర పడి ఉంది. వంగి అందివ్వాల్సింది. ఆయన మిషన్ తీగ చుట్టుకుంటూ, దువ్వెనకి అడ్డం రాకుండా కాలు మాత్రం పక్కకి జరిపాడు.

మర్నాడు పొద్దున టీ బండి దగ్గర అదే మాట.

“చెవులాయన లేదన్నాడంటే లేనట్టే,” అన్నాడు టీ బండివాడు పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ. “లాయరుగారే మీ తీర్పు మీద నడిచారు. ఇంక మీరు నల్లకోటు కుట్టించుకోవాలి గురువుగారూ.”

నలుగురూ నవ్వారు. చెవులాయన కూడా నవ్వాడు.

“ఎంత నమ్మకంగా ఉండేది ఆయమ్మ! ఆ పెద్దావిణ్ణి పసిపిల్లలా చూసుకునేది. ఎవరి కడుపులో ఏముందో చెప్పలేం కదా,” అన్నాడు మళ్ళీ టీ బండివాడు.

“ఆవిడ తీసిందని నేననలేదోయ్,” అన్నాడు చెవులాయన. “ఇసకలో లేదన్నానంతే.”

“రెండూ ఒకటేగా మరి?” అని గ్లాసు చేతికిచ్చాడు టీ బండివాడు.

టీ సగంలో ఉండగా ఆయా వచ్చింది. మెట్ల పక్క నుంచి వచ్చి, అందరికీ దూరంగా నిలబడి, ఆయన లేచేదాకా చూసింది. కట్టుకున్నవి నిన్నటి బట్టలే.

“ఇంకొక్కసారి వెతకండి సార్.”

“మొత్తం చూశాను కదమ్మా. నీ కళ్ళముందేగా.”

“బంగారమనే కాదు సార్. ఏది మోగినా తవ్వండి. మూతైనా, మేకైనా.”

“మూతలు తవ్వుకుంటూ పోతే నా నడుం ఏం కావాలి?” అని నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

“నడుం నొప్పెడితే నేను తవ్వుతాను. ఆ పార ఇలా ఇవ్వండి.”

ఆయన ఇవ్వలేదు. పార పిడిని ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. టీ బండి దగ్గర మాటలు ఆగిపోయాయి. మళ్ళీ వెతికితే నిన్న సరిగా వెతకలేదని వాళ్ళందరి ముందూ ఒప్పుకున్నట్టే.

“సాయంత్రం చూద్దాంలే,” అన్నాడు.

ఆమె ఒక నిమిషం ఆయన ముఖంలోకి చూసి, ఇసుకలోకి నడిచి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆయన అటు వెళ్ళలేదు. ఇంట్లోనే ఉండి, పెరటి కుళాయి దగ్గర మంచినీళ్ళతో మిషన్ చక్రానికి పట్టిన ఉప్పు కడుగుతూ కూర్చున్నాడు. పక్కనే భార్య గిన్నెలు తోముతోంది. తోమడం ఆపి, చేతి గాజుని మోచేతి వైపు నెట్టి, మణికట్టుని పీచుతో రుద్దుకుంది.

“పాడు గిల్టు. కాస్త చెమట తగిలితే చాలు, చేతికి పచ్చ పూసేస్తుంది. మొన్న మీ చెల్లెలి కూతురి పెళ్ళిలో పక్కావిడ నీ చేతికేమైందమ్మా అని అడిగితే ప్రాణం చచ్చిపోయింది. లోపలికెళ్ళి ఇంత పౌడరు అద్దుకుని వచ్చి కూర్చున్నాను.”

చెవులాయన తలెత్తాడు. తడి చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. లేత ఆకుపచ్చ చార. నరాలు అలా చుట్టూ గుండ్రంగా ఉండవు.

“ఏంటండీ, ఈ వయసులో కొత్తగా చెయ్యి పట్టుకుంటున్నారు? పక్కింటివాళ్ళు చూస్తే నవ్విపోతారు.”

ఆయన మిషన్ ఆన్ చేసి చక్రాన్ని ఆమె చేతి మీదికి తెచ్చాడు. ఇటు ఊపాడు, అటు ఊపాడు. చప్పుడు లేదు.

“నా గాజంటే మీ మిషన్‌కి కూడా చిన్నచూపేనా? పలకనైనా పలకదేం?”

“నేనే నొక్కేశాను,” అన్నాడు. తర్వాత జరిగిందంతా చెప్పాడు. సంచి దులపడం, దువ్వెన, పౌడరు, పొద్దున ఆమె పార అడగడం. ఇవ్వలేదన్న మాట దగ్గర గొంతు తగ్గింది.

భార్య కడిగిన గిన్నెని బోర్లించింది. “కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇప్పుడే వెళ్ళి చెప్పండి.”

“ఏమని చెప్పను?”

“మిషన్ చెవులు మీరే మూశారని.”

“అంత గొప్పింటావిడ గిల్టు పెట్టుకుందని ఏ ఆధారంతో అనను? రేపు పొద్దున్నే వెతుకుతాను. దొరికితే చెబుతాను.”

“దొరక్కపోతే?”

ఆయన చక్రాన్ని మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. దానికి ఉప్పు ఎప్పుడో పోయింది.

తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాడు. నొక్కేసినవన్నీ విప్పి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. మొదటి ఊపుకే చెవులు గింగురుమన్నాయి. కాలి కింద ఇసుకంతా అరుస్తోంది. ఇన్నాళ్ళూ దీని మీదే నడిచానా అనిపించింది.

ఆయా అప్పటికే అక్కడుంది. ఇసుకలో చతికిలబడి, గుప్పిళ్ళతో తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తోంది. ఆమె పక్కన తడిసిన సీసా మూతలు చిన్న కుప్పగా ఉన్నాయి. ఆయన్ని చూసి లేవలేదు.

“కుర్చీ సరిగ్గా ఎక్కడ వేశావమ్మా ఆ రోజు?” అని అడిగాడు. మొన్న ఆమెని ఆ మాట అడగనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. లాయరు చూపించిందే చాలనుకున్నాడు.

“ముందు ఇక్కడే సార్. తర్వాత నీళ్ళు పాదాల దాకా వచ్చేస్తే, ఆవిడ రెండు చేతులూ నా మెడ చుట్టూ వేయించుకుని లేపి, కుర్చీ వెనక్కి లాగాను. ఆ రాయి వైపుకి.”

రాయి కూడా ఆయన గీసిన గళ్ళలోనే ఉంది. ఆ చోటు మీదుగా మొన్న తను రెండుసార్లు నడిచాడు. ఇప్పుడు ప్రతి మోతకీ తవ్వాడు. మూత, మేకు, తాళంచెవి, ఒంటి గిల్టు దుద్దు. నడుం మంటెత్తుతోంది. పార ఇవ్వనా అన్నట్టు చూశాడు. ఆమె చెయ్యి చాచలేదు.

రాయికి ఇవతల మోత బలంగా, గుండ్రంగా వచ్చింది. పారని లోతుగా దించి ఎత్తి, నీళ్ళలో ముంచి ఊపాడు. ఇసుక చిల్లుల్లోంచి జారిపోయింది. అడుగున గాజు. ఒకవైపు పసుపుగా మెరుస్తోంది, ఇంకోవైపు పూత లేచి ఎర్రటి రాగి కనిపిస్తోంది.

ఆయా ముఖంలో ఆశ్చర్యం లేదు. పట్టి ఉంచిన ఊపిరి మాత్రం వదిలింది.

“పెద్దమ్మగారి చేతికే ఇవ్వండి సార్. అబ్బాయిగారికి కాదు. దొరికిందని ఇచ్చెయ్యండి, ఇంకేం చెప్పకండి.”

“నువ్వు కూడా రా. నీ ముందే ఇస్తాను.”

దారిలో ఆయన చెప్పాల్సిన మాటలు సర్దుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, మిషన్ సంగతి తనకీ భార్యకీ తప్ప ఎవరికీ తెలియదుగా అనుకున్నాడు. సముద్రం అన్నాక లోపలికి లాక్కుంటుంది, మళ్ళీ పైకి తెస్తుంది. అందులో నమ్మలేనిదేముంది?

తలుపు తీసింది లాయరే. చెయ్యి చాచాడు. కోర్టులో కాగితం అందుకునే అలవాటున్న చెయ్యి. ఆయా దగ్గినట్టు గొంతు సవరించింది. అయినా చెవులాయన గాజుని ఆ చేతిలోనే పెట్టేశాడు.

“నిన్న అలల పోటుకి పైకొచ్చినట్టుందండీ. మొన్న లేదు. ఇవాళ దొరికింది.”

లాయరు దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. గోటితో గీకి, కిటికీ అంచు మీద పెట్టాడు. వెనక్కి తిరిగినప్పుడు నవ్వుతున్నాడు.

“బాగుంది. మొన్న లేదు, ఇవాళ ఉంది. అదీ గిల్టుది. అంటే ఏమిటి? అసలుది అమ్ముకుని, ఇలాంటిదొకటి కొనుక్కొచ్చి రాత్రికి రాత్రి ఇసకలో పాతిపెట్టిందన్నమాట. తవ్వడానికి మిమ్మల్ని వెంటబెట్టుకొచ్చింది. తెలివి మామూలుది కాదు!” ఫోన్ తీశాడు. “మీరే సాక్షి. మొన్న మొత్తం వెతికి లేదన్నారు కదా? అదే మాట పోలీసుల ముందు చెప్పండి చాలు.”

ముందు గదిలో పెద్దావిడ కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఆయా గుమ్మం బయటే, చెప్పుల పక్కన నిలబడి ఉంది.

“లేదండీ,” అన్నాడు చెవులాయన.

“ఏం లేదు?”

“మొన్న కూడా అది అక్కడే ఉంది. నేనే వినలేదు. గిల్టు తవ్వలేక, రాగికీ ఇత్తడికీ మోగకుండా నా మిషన్‌ని నొక్కేసుకున్నాను. చాలా కాలమైంది. మీరు బంగారమన్నారు, నేను బంగారమే వెతికాను. దాని మీదుగా రెండుసార్లు నడిచి లేదన్నాను. అలల సంగతి ఇందాక అబద్ధమాడాను.”

“ఇప్పుడు జాలిపడి ఈవిడ కోసం చెబుతున్నారు.”

చెవులాయన హెడ్‌ఫోన్ల తీగ లాగేశాడు, చప్పుడు అందరికీ వినబడేట్టు. మొన్నటిలాగే మీటలు నొక్కాడు. “మీ ఉంగరం పెట్టండి సార్.”

లాయరు చెయ్యి చక్రం ముందుకి రాగానే మిషన్ గట్టిగా పలికింది. చెవులాయన కిటికీ అంచు మీదున్న గిల్టు గాజు దగ్గరకు చక్రాన్ని తీసుకెళ్ళాడు. చప్పుడు లేదు.

“సరే. మీ మిషన్ చెవిటిదనుకుందాం,” అన్నాడు లాయరు. “ఈవిడ మార్చలేదనడానికి అది ఆధారం కాదుగా. మా అమ్మ పెట్టుకున్నది బంగారం.”

“ఆ మిషన్ ఇలా తీసుకురా నాయనా,” అంది పెద్దావిడ.

చెవులాయన దగ్గరకు వెళ్ళాడు. ఆవిడ దుప్పటి కింద నుంచి ఎడమచెయ్యి తీసింది. జతలో రెండో గాజు మోచేతి దాకా జారి ఉంది. దాన్ని మణికట్టు దగ్గరికి లాక్కుని, చెయ్యి చక్రం ముందు పెట్టింది. మిషన్ పలకలేదు.

లాయరు ఫోన్ కిందికి దించాడు. “అమ్మా?”

“రెండూ నేనే మార్చానురా. ఈవిడ మనింటికి రాకముందే. అసలువి అమ్మి నా చెల్లెలి ఆపరేషన్‌కి పంపాను. అది బతకలేదు. గాజులూ పోయాయి, అదీ పోయింది. ఇంక చెప్పి ఏం లాభమని ఊరుకున్నాను. ఇసకలో పోయిందని నువ్వు కూడా వదిలేస్తావనుకున్నాను.”

“నాకొక్క మాట చెబితే సరిపోయేదిగా! అడిగితే నేను ఇవ్వనా?”

పెద్దావిడ కొడుకు వంక చూసింది. కోపం లేని చూపు.

“అడిగాను,” అంది.

లాయరు ఫోన్‌ని జేబులో పెట్టుకోబోయాడు. మొదటిసారి జేబు దొరకలేదు. కాసేపటికి, గుమ్మం వైపు చూడకుండానే, “రేపట్నించి రా,” అని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆయా కాళ్ళు దులుపుకుని లోపలికి వచ్చింది. కిటికీ అంచు మీద గాజు తీసి బట్టతో ఇసుక తుడిచింది. పెద్దావిడ రెండు చేతులూ పట్టుకుని, “నిన్న మందులు ఎవరిచ్చారమ్మా?” అని అడిగింది. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. ఆ చేతుల్లోనే ముఖం దాచుకుంది.

చెవులాయన బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. కొంతసేపటికి ఆయా తలుపు వెయ్యడానికి వచ్చింది.

“నీకు ముందే తెలుసు కదూ?”

“స్నానం చేయించేది నేనే కదా సార్. ఆ పచ్చ మీద పౌడరు రాసేదాన్నీ నేనే.”

“మరి మొన్నే చెప్పలేదేమమ్మా? అన్ని మాటలు పడ్డావు. గిల్టుదని ఒక్క మాటంటే...”

“ఆవిడ చెప్పలేదుగా. నేనెలా చెప్పను?”

ఆయన మిషన్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. క్షమించమని అడగడానికి మాట పెదవుల దాకా వచ్చింది. “మొన్న నేను...”

“వినబడలేదంటే సరిపోయేది సార్,” అంది ఆమె నెమ్మదిగా. “మీరు లేదన్నారు.”

తలుపు మూసుకుంది. విసురుగా కాదు. లోపల పెద్దావిడ ఉందని గుర్తుపెట్టుకుని, గొళ్ళెం కూడా చప్పుడు కాకుండా వేసింది.

చెవులాయన మీటలన్నీ విప్పాడు. గేటు దాటుతుంటే ఇనుప కడ్డీకి మిషన్ గట్టిగా అరిచింది. ఎదురింటి గుమ్మంలో ఎవరో తొంగిచూశారు. ఆయన హెడ్‌ఫోన్లు తగిలించుకోలేదు, మిషన్ ఆపలేదు. చక్రాన్ని నేల మీదికి దించి నడిచాడు. వీధి పొడుగునా ప్రతి మేకుకీ, ప్రతి మూతకీ అది మోగుతూనే ఉంది.